బొమ్మల బ్రదుకు

నేటి ప్రసంగమునకు నేను గైకొన్న విషయము బొమ్మలు. చరిత్రము చెప్పుదునని వచ్చిన ముసలి పంతులు బొమ్మల ముచ్చట యెత్తుకొనెనేమి యని మీలో పెద్దలు కొందఱు నవ్వుకొనవచ్చును. ఓరుగంటి కోట గట్టినవారి చరిత్రము శాసనములయందున్నది. ఆ కోటలోపల ఏ గోడనీడనో కూర్చుండి, పగిలిన పెంకులో ఇసుక బోసి అన్నము వండిన బాలిక చరిత్రము ఏ శాసనమునను లేదు. కాకతీయుల రాజ్యము 1323వ సంవత్సరమున అంతరించినది. ఆ బాలిక ఆట మాత్రము నేటికిని మన వాకిండ్లలో నడచుచునే యున్నది. రాజ్యములకంటె దీర్ఘాయువు గల వస్తువునకు చరిత్రమందు కొంత చోటీయవలెను గదా.

బొమ్మల చరిత్రము చదివినకొలది నాకు తోచిన విశేష మొకటి కలదు. లోకమున బొమ్మ యనునది మొదటినుండియు ఇంటివారు విడిచిన వస్తువులతోనే పుట్టినది. కుండ చేయగా మిగిలిన మన్ను, చీర చినుగగా మిగిలిన పేలిక, కఱ్ఱ కోయగా రాలిన పొట్టు, పండు తినగా మిగిలిన గింజ - ఇవియే బొమ్మకు పంచభూతములు. వీనియందు ప్రాణము లేదు. దానిని పోయునది పిల్లవాని భావన. ఈ సంగతి మనసునందుంచుకొని కొంత వెనుకకు పోవుదము.

సింధునదీ ప్రాంతమున నాలుగువేల యేండ్లకు పైబడిన పట్టణముల శిథిలములను త్రవ్వినపుడు మట్టిబండ్లును, మట్టి ఎడ్లును, ఊదుటకు పిట్టబొమ్మ ఈలలును దొఱకినవి. వానిలో మొహెంజొదారో నుండి వచ్చిన ఎద్దు ఒకటి కలదు. దాని తల వేఱుగా చేసి మెడయం దమర్చినారు. దారము లాగినచో ఎద్దు తల యూపును. దారముతో ఆడు బొమ్మ మన దేశమున ఎంత పాతదో దీనివలన తెలియుచున్నది. ఇక మన తెలుగునేల మాట. మెదకుసీమయందలి కొండాపురమున 1940 ప్రాంతమున హైదరాబాదు పురావస్తుశాఖవారు త్రవ్వకములు జరిపిరి. శాతవాహనుల కాలపు మట్టిబొమ్మలు అచ్చట లభించినవి. స్త్రీపురుషుల శిరస్సులపై కేశాలంకారము మొదలుకొని చక్కగా తీర్చిన బొమ్మలవి. రాజుల నాణెములు దొఱకిన మంటిలోనే అవియు దొఱకినవి.

ఇప్పుడు కావ్యముల కడకు వత్తము. శూద్రకుని ‘మృచ్ఛకటిక’ మను నాటకము పేరు మీరు వినియుందురు. మృత్తు అనగా మన్ను, శకటిక యనగా చిన్నబండి. ఒక గొప్ప నాటకమునకు రాజు పేరు గాని నాయిక పేరు గాని పెట్టక, పసివాని మట్టిబండి పేరు పెట్టినాడు కవి. చారుదత్తుడు దానధర్మములచే దరిద్రుడైనాడు. అతని కొడుకు రోహసేనుడు పొరుగింటి పిల్లవాని బంగారుబండితో ఆడి, అది తిరిగి పోగా, తన మట్టిబండి వలదని యేడ్చినాడు. వసంతసేన తన నగలు దీసి ఆ మట్టిబండి నింపి, దీనితో బంగారుబండి చేయించుకొమ్మన్నది. ఆ నగలే పిదప చారుదత్తునిపై హత్యానేరమునకు సాక్ష్యములై అతనిని వధ్యశిలదాక గొనిపోయినవి. మట్టిబండి మట్టిబండిగా నున్నంతకాలము ఎవరికిని కీడు కలుగలేదు. దానిలో బంగారము పడిన పిమ్మటనే ఆపద వచ్చినది. పిల్లల ఆటవస్తువులకు వెల పెంచుచున్న మన కాలమువారు ఈ సంగతి ఒకసారి తలపవలెను.

విరాటపర్వమును మీకు నేను చెప్పనక్కఱలేదు. వానలు పడనియెడల ఊరిలో విరాటపర్వము చదివించు ఆచారము మన పల్లెలలో కలదు. దానిని తెనిగించిన తిక్కనసోమయాజి ఓరుగంటికి వచ్చి గణపతిదేవచక్రవర్తిని దర్శించెనని ప్రతీతి. ఆ కథలో ఉత్తరగోగ్రహణమునకు బృహన్నల బయలుదేరునపుడు విరాటుని కూతురు ఉత్తర ఏమి కోరినది? రాజ్యము కోరలేదు, విజయము కోరలేదు. కౌరవవీరుల వస్త్రములు దెచ్చి తన బొమ్మలకు కట్టుటకిమ్మని కోరినది. అర్జునుడు సమ్మోహనాస్త్రముచే వారిని మూర్ఛిల్లజేసి, ద్రోణకృపుల తెల్లని వస్త్రములను, కర్ణుని పచ్చని వస్త్రమును, అశ్వత్థామ దుర్యోధనుల నల్లని వస్త్రములను తెమ్మని ఉత్తరుని పంపినాడు. భీష్ముడు ఆ యస్త్రమునకు ప్రతిక్రియ యెఱిగినవాడు గనుక ఆయన జోలికి పోవలదని హెచ్చరించినాడు. అంతటి మహారథుల తలపాగలును ఉత్తరీయములును తుదకు బొమ్మపొత్తిక లైనవి. భారతమున వీరుల గర్వమును ఇంత మెత్తగా నవ్విన ఘట్టము నాకు వేఱొకటి తోచదు. పిల్లదాని కంటికి కర్ణుని పట్టువస్త్రమైనను, అమ్మ చింపి యిచ్చిన చీరపేలిక యైనను ఒకటే. బొమ్మకు సరిపోయినదా లేదా యనునదే అచ్చట ప్రశ్న.

చేతితో ఆడించుకొను బొమ్మ పదుగురియెదుట ఆడునప్పుడు బొమ్మలాట యగును. మన నాటకములయందు నాందికి పిమ్మట వచ్చువానిని సూత్రధారుడందుము. సూత్ర మనగా దారము, దానిని ధరించువాడు సూత్రధారుడు. ఈ మాటను ఆధారముగా గొని జర్మనీదేశపు సంస్కృతపండితుడు పిషెల్ అనునాయన 1900లో ఒక వాదము లేవదీసెను. బొమ్మలాటకు పుట్టిల్లు భారతదేశమే యనియు, మనుష్యుల నాటకము బొమ్మలాటనుండియే పుట్టినదనియు ఆయన మతము. సూత్రమనగా శిల్పి కొలత్రాడనియు, కథాసూత్రమనియు చెప్పి దానిని ఖండించినవారును కలరు. ఏది యెట్లున్నను, మానవుడు దైవముచేతిలో కొయ్యబొమ్మ వంటివాడను ఉపమానము భారతభాగవతములు రెంటను ఉన్నది. వినువారు బొమ్మలాటను చూచియుండనిచో ఆ యుపమానము వారికి రుచింపదు.

మన సీమవాడే యైన పాల్కురికి సోమనాథుడు, ఇప్పటి జనగామ జిల్లాలోని పాలకుర్తి యాతని యూరు, పండితారాధ్యచరిత్రము పర్వతప్రకరణమున శివరాత్రికి శ్రీశైలము చేరిన యాత్రికుల వేడుకలను వర్ణించుచు బొమ్మలాటలను పేర్కొన్నాడు. అది పదమూడవ శతాబ్దమునాటి మాట. అనగా మన తాతల తాతలు కొండయెక్కి దేవుని జూచి, రాత్రి జాగరమున బొమ్మలను జూచిరన్నమాట.

తోలుబొమ్మలాట యెట్లు జరుగునో మీలో పెద్దలు చూచియేయుందురు. మేకతోలును వెండ్రుకలు పోవునట్లు గీకి, ఎండబెట్టి, వెలుగు చొచ్చునంత పలుచన చేసెదరు. దానిపై రూపు వ్రాసి, రంగులు వేసి, నగలున్న చోట్ల సన్నని బెజ్జములు పొడిచెదరు. చేతులు కాళ్లు వేఱువేఱుగా కోసి దారముతో ముడివేసెదరు. నడుమ వెదురుబద్ద. తెలుగుదేశపు తోలుబొమ్మలు ఇంచుమించు మనిషి యెత్తుండును. భారతదేశమున ఇంత పెద్ద తోలుబొమ్మలు మఱి లేవు. తెల్లని తెఱవెనుక ఆముదపు దీపములు వెలిగించి, కాలిక్రింద చెక్కలు త్రొక్కుచు యుద్ధఘోషము పుట్టించుచు, తెల్లవాఱుదాక రామాయణ భారతములాడెదరు. నిద్ర తూగువారిని లేపుటకు కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు, అల్లాటప్పగాడు నడుమనడుమ వచ్చి నవ్వించెదరు. చచ్చిన మేకతోలు రాముడైనది, తెల్లని గుడ్డ దండకారణ్యమైనది. చూచువారు దుఃఖించిరి, నవ్విరి, చేతులు జోడించిరి. తెఱవెనుక నున్నది తోలని వారెఱుగరా? ఎఱుగుదురు. ఎఱిగియు నమ్ముటయే భావన యనునది. అది పిల్లలకు సహజము, పెద్దలకు బొమ్మలాట వలన తిరిగి లభించునది.

ఇక మన వరంగల్లు చుట్టుపట్ల మాట చెప్పవలెను. చేర్యాల యను గ్రామము మొన్నటిదాక, అనగా 2016లో జిల్లాలు విభజించువఱకు, మన వరంగల్లు జిల్లాయందే యుండెను. నేడది సిద్ధిపేట జిల్లాలో చేరినది. అచ్చటి నకాషీవారు తరతరములుగా పటములు వ్రాయుచున్నారు, బొమ్మలు చేయుచున్నారు. వారి సామగ్రి చూడుడు. నూలుగుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు, బంక కలిపి పూయుదురు. అది ఆఱి గట్టిపడిన పిమ్మట ఎఱ్ఱని నేలపై కథ వ్రాయుదురు. బొమ్మలకు పొణికి యను తేలికకఱ్ఱ. దానిపై రంపపు పొట్టును చింతగింజల పిండిని కలిపి నూఱిన ముద్దను మెత్తి, ముక్కు కన్ను తీర్చెదరు. ముఖపు తొడుగులకు కొబ్బరిచిప్ప. కొండపల్లి బొమ్మలవారును ఇట్టి ముద్దనే వాడుదురు. దానిని వారు మక్కు అందురు. వడ్రంగి ఊడ్చి పారవేయు పొట్టు, పులుసు చేసికొని మనము పారవేయు గింజ, దేవునికి కొట్టి కొబ్బరి తీసికొన్న పిమ్మట మిగులు చిప్ప - ఈ మూడును కలిసి దేవతల ముఖములైనవి.

ఆ పటములు గోడకు తగిలించుటకు వ్రాసినవి కావు. కథ చెప్పువారి కొఱకు వ్రాసినవి. ఒక్కొక్క కులమునకు తమ పురాణము చెప్పు మిరాసిదారులుండిరి. పద్మశాలీలకు కూనపులివారు, గౌడులకు గౌడజెట్టివారు, ముదిరాజులకు కాకిపడిగెలవారు, మాదిగలకు డక్కలివారు. గొల్లలకు మందెచ్చులవారు పటముతో గాక బొమ్మలతో కథ చెప్పుదురు. పసులమేత పుల్లరి విషయమున నెల్లూరి సిద్ధిరాజుతో పోరిన కాటమరాజు కథ అది. కథలో పాత్ర ప్రవేశించునప్పటికి పెట్టెలోనుండి ఆ బొమ్మ వెలికివచ్చును. ఇట్లు బొమ్మ చేయువాడొకడు, ఆడించువాడొకడు, ధాన్యమిచ్చి వినువారొక కులమువారు. మూడు కాళ్ల పీట యది. ఒక కాలు విఱిగిన పీట నిలువదు. పటము జీర్ణించినచో దానిని పెంటపై పారవేయరు, మనిషికి వలె మర్యాద చేసి నీట విడుతురు. చెత్తనుండి పుట్టిన వస్తువు చెత్తగా పోలేదు. కథ మోసినందుకు దానికా గౌరవము.

పూర్వపు వరంగల్లు జిల్లాలోనిదే యైన అమ్మాపురమున కొయ్యబొమ్మలాట యాడు కుటుంబములు ఉన్నవి. కొయ్యతో చేసి రంగులు వేసి బట్టలు కట్టిన బొమ్మలను సూత్రములు కట్టి ఆడించుట వారి విద్య. పిల్లలు ఆ బొమ్మలను జూచినపుడు ఆడించువాని వ్రేళ్లను చూడరు. వ్రేళ్లు ఎదుటనే యున్నను వారి కంటికి కనబడవు.

బడిపంతులుగా ముప్పదియేండ్లకు పైగా పిల్లల నడుమ గడపినవాడను గనుక ఈ విషయమున నేను చూచినది కొంత చెప్పెదను. పల్లెపిల్లలు రెండు తాటిబుఱ్ఱలకు పుల్ల గ్రుచ్చి బండి చేయుదురు. జొన్నదంటు బెండుతో ఎడ్లు, కండ్లద్దాలు, గడియారములు చేయుదురు. పారవేసిన సైకిలు టైరును కఱ్ఱతో కొట్టుచు ఊరంతయు త్రిప్పుదురు. రెండు అగ్గిపెట్టెలకు దారము కట్టి టెలిఫోనులో మాటలాడుదురు. బతుకమ్మకు ముందు ఆడపిల్లలు పుట్టమన్ను దెచ్చి బొడ్డెమ్మను తీర్చెదరు. బతుకమ్మయైనను ఎవరి తోటలోని పూవులతోను కాదు, బీళ్లలో తనంత తాను మొలచిన తంగేడు, గునుగులతో పేర్చబడినది. నేను గమనించిన దేమనగా, కొనితెచ్చిన ఆటబొమ్మ యొక్కటే పని చేయును. మీట నొక్కినచో నడచును, లేదా పాడును. పిల్లవాడు దానిని చూచువాడు మాత్రమే యగును. వారము దినములకు దానిపై విసుగు పుట్టును. పేలికబొమ్మ అట్లుకాదు. అది పొద్దున పెండ్లికూతురు, మధ్యాహ్నము జ్వరమువచ్చిన బిడ్డ, సాయంకాలము పంతులయ్య. దానికి ముఖము సరిగా లేకపోవుటయే దాని గొప్ప, ఏలయనగా ఏ ముఖము కావలసిన ఆ ముఖము పెట్టుకొనవచ్చును.

ఈ మర్మము మనవారికే గాక ఇతరదేశస్థులకును తెలియును. చలనచిత్రములు పుట్టిన తొలిదినములలో స్టారెవిచ్ అను పోలిష్ వంశజుడు రష్యాలో నుండి, చచ్చి యెండిన పురుగులకు సన్నని తీగలతో కాళ్లు కట్టి, ఒక్కొక్క కదలికను విడివిడిగా ఛాయాచిత్రము దీసి, 1912లో వాని చేత సంసారకథ నాడించెను. అవి శిక్షణ పొందిన పురుగులని చూచినవారు కొందఱు నమ్మిరట. పిదప ఆయన ఫ్రాన్సు చేరి 1933లో ‘ఫెటీష్’ అను బొమ్మల చిత్రము తీసెను. బొమ్మలు కుట్టి బ్రతుకు ఒక బీదతల్లి, జబ్బుపడిన ఆమె కూతురు. పిల్లకు నారింజపండు తినవలెనని కోరిక, తల్లికి కొనుటకు డబ్బు లేదు. తల్లి కన్నీటి బొట్టు పడిన గుడ్డకుక్క యొకటి ప్రాణము దాల్చి, పండుకొఱకు రాత్రివేళ పారిసు నగరమున తిరుగును. నడిరేయి దయ్యముల సభలో ఊరివారు పారవేసిన చెత్తయంతయు లేచివచ్చును. పాతజోళ్లు, గడ్డిపోచలు, తిని విడిచిన చేపముండ్లు, కోడియెముకలు నృత్యము చేయును. వానినుండి తప్పించుకొని కుక్క పండును ఇల్లు చేర్చును. పారిసువీధి చెత్తకు, చేర్యాల చింతగింజకు చుట్టఱికము కలదని ఈ కథ విన్నప్పుడు మీకు తోపకపోదు. మనవారు చెత్తకు దేవతారూపమిచ్చిరి, ఆయన భూతరూపమిచ్చెను. రెండుచోట్లను ప్రాణము పోసినది పసిబిడ్డకై పడిన ఆరాటమే.

అయ్యలారా, ఇంతవఱకు చెప్పినది గడచినది. నేడు జరుగుచున్న దేమి? నకాషీ పని పూర్తిగా నశింపలేదు. చేర్యాల బొమ్మలను పట్టణములలో కొనుచున్నారు. ఇది సంతోషమే. కాని ఆ బొమ్మలు అద్దాల బీరువాలలో నిలుచున్నవి. మూరలకొలది సాగు పటము జానెడు పలకయై గోడ కెక్కినది. చిత్రకారునికి కూడు దొఱకినను, కథ చెప్పువానికి వినువారు లేకపోయిరి. తోలుబొమ్మలదియు అదే తీరు. ప్రస్తుతము శ్రీసత్యసాయి జిల్లాలో చేరిన నిమ్మలకుంట గ్రామపు కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ గౌరవము లభించినది. ఆ యూరివారు తోలుతో దీపపు గుమ్మటములు చేసి అమ్మి బ్రతుకుచున్నారు. అదే తోలు, అదే రంగు, వెనుక అదే వెలుగు. కథ మాత్రము లేదు. వారిని తప్పుపట్టుటకు మనకు హక్కు లేదు. రాత్రియంతయు ఆడినవానికి తెల్లవాఱి చేటెడు గింజలు పెట్టని ఊళ్లు మనవి.

పారవేసిన వస్తువుతో బొమ్మ చేయవచ్చును. పారవేసిన కథతో ఏమి చేయగలము? చింతగింజలు వచ్చే యేడు మఱల కాయును. మందెచ్చుల వృద్ధుని నోటనున్న కాటమరాజు కథ ఆతనితో పోయినచో ఏ చెట్టును దానిని తిరిగి కాయదు. అప్పుడు బొమ్మలు మిగులును, వాని పేళ్లు చెప్పువారుండరు. అదియే నా భయము. ఈ ప్రసంగము చేయుటకు కారణమును అదియే.

గ్రామపెద్దలైన మీరు చేయదగినవి పెద్దపనులు కావు. జాతరకును, కులదేవత పండుగకును పాటలపెట్టెను అద్దెకు దెచ్చు ధనములో కొంత తీసి, మీ కులమునకు మిరాసిగల కథకు డెవడో వెదకి పిలిపింపుడు. ఒక రాత్రియైనను పూర్తిగా చెప్పింపుడు. పిల్లలను ముందువరుసను కూర్చుండబెట్టుడు. వారికి అర్థముకాని మాట వచ్చినచో ప్రక్కను కూర్చుండి చెప్పుడు. కథకుడు సమ్మతించినచో ఆ కథను మీ బడి విద్యార్థులచేత వ్రాయించి యుంచుడు. వ్రాయవచ్చిన మనుమలు ఇంటింట నున్నారు, చెప్పవచ్చిన తాతలే తఱుగుచున్నారు. ఇక ఇంట మనుమరాలు పాతచీర పేలిక నడిగినప్పుడు చెత్తయని కసరకుడు. విరాటుని కూతురు కౌరవుల పాగాలడిగినప్పుడు అర్జునుడంతటివాడు కసరలేదు. నవ్వి, తెచ్చియిచ్చెదనని మాట యిచ్చి, యుద్ధము ముగించి, ఆ మాట దీర్చుకొన్నాడు.